ఒకే సాలు, రెండు పేర్లు

డిగ్రీ ఆఖరి పరీక్షలు రాశాక మేం నలుగురం ఒక సేంద్రియ పొలంలో ఉండి పని చేయడానికి వెళ్లాం. చింతపల్లి నుంచి ఘాటీ దిగి నర్సీపట్నం వైపు వెళ్తే కొండ కింద ఉంది ఆ పొలం. నాలుగెకరాలు. పట్నంలో ఉద్యోగాలు మానుకుని వచ్చిన భార్యాభర్తలు దాన్ని నడుపుతున్నారు. వాళ్లు గిరిజనులు కారు. కొండ మీద భూమి 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరుల చేతికి పోకూడదు కాబట్టి, ఏజెన్సీ హద్దుకు బయట కొనుక్కున్నారు. రోజుకు అయిదు గంటల పని, మూడు పూటల తిండి, పడుకోవడానికి పెంకుటింటి వసారా. కూలి లేదు. బస్సు చార్జీలు కూడా మావే. దీన్ని వాలంటీరు పని అంటారు.

ఈ మాట ఇంట్లో చెప్పినప్పుడు మాలో ఒకరి నాయనమ్మ నవ్వింది. "మన మెట్టలో కలుపు తియ్యమంటే తల నొప్పంటావు. అక్కడికెళ్లి ఊరికే తీత్తావేటి?" అంది. మా దగ్గర జవాబు లేదు. నలభై రోజులు అక్కడ ఉండి వచ్చాక కూడా ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. మాలో ఇద్దరం ఇప్పుడు ఆశ్రమ పాఠశాలల్లో పాఠాలు చెబుతున్నాం. మా పిల్లలు కూడా ఒకరోజు ఇదే ప్రశ్న అడుగుతారు. అందుకే రాస్తున్నాం.

ముందు మంచి సంగతి చెప్పాలి. ఆ పొలంలో మాకు గౌరవం దొరికింది. యజమాని అన్న మాతోపాటే వంగి పని చేసేవాడు. అక్క వండిన అన్నం అందరం ఒకే చోట కూర్చుని తినేవాళ్లం. జీవామృతం కలపడం అక్కడే శ్రద్ధగా నేర్చుకున్నాం. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, పొలం గట్టు మీది గుప్పెడు మట్టి. పొద్దున, సాయంత్రం కర్రతో తిప్పాలి. ఏ రోజు ఏం చేశామో, ఎంత ఖర్చయిందో అక్క పుస్తకంలో రాయించేది. లెక్క రాసుకునే అలవాటు మా ఇళ్లలో ఎవరికీ లేదు. అది నిజంగా కొత్త చదువు.

ఒక సాయంత్రం అన్న చోడి, కంది, సామ, బొబ్బర్లు కలిపి వేసిన చెక్క చూపించి, ఒక పంట పోయినా ఇంకొకటి నిలబడుతుందనీ, బొబ్బర తీగ నేలను కప్పి తడి ఆరనివ్వదనీ చెప్పాడు. మేం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. మా కొండవాలు మెట్టల్లో అవ్వలు ప్రతి ఏడూ చేసేది అదే. చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాం. హాస్టల్లో చదువుకునేటప్పుడు అది వెనకబడిన పని అనుకున్నాం. యూరియా బస్తా కొన్న ఇంటివాళ్లే తెలివైనవాళ్లు అనుకున్నాం. మా అవ్వ చేసే పనికి పుస్తకంలో పేరుందని తెలిశాక గానీ మాకు దాని మీద గౌరవం కలగలేదు. ఈ తప్పు పొలం వాళ్లది కాదు. మాదే.

ఇలా పొలాల్లో ఉండి పని చేసే పద్ధతి మన దేశంలో మొదలైంది కాదు. 1971లో లండన్‌లో సెక్రటరీగా పని చేసే స్యూ కోపర్డ్ అనే ఆమె, పట్నంలో ఉండేవాళ్లు శని ఆదివారాల్లో సేంద్రియ పొలాలకు వెళ్లి పని చేసేలా ఒక ఏర్పాటు చేసింది. అది వూఫ్ అనే పేరుతో చాలా దేశాలకు పాకింది. డబ్బు చేతులు మారదు. పని ఒకవైపు, తిండీ పడకా చదువూ ఇంకొకవైపు. మట్టికి దూరమైనవాళ్లు మట్టి దగ్గరికి రావడానికి అది దారి. మరి మట్టిలోనే పుట్టిన మనం దాన్నుంచి ఏం తెచ్చుకోవాలి?

శ్రావణంలో కలుపు పెరిగింది. అప్పుడు పక్క ఊరి నుంచి ఒక అత్త కూలికి వచ్చింది. ఆమె మనవాళ్లే. పెళ్లి చేసుకుని కొండ దిగిన మనిషి. మేం నలుగురం నాలుగు సాళ్లు పట్టుకుంటే ఆమె అయిదోది పట్టుకుంది. మేం సగం సాలులో ఉండగానే ఆమె అవతలి గట్టు చేరిపోయేది. మేం పీకి పారేసిన కలుపులోంచి గురుగాకు, తోటకూర ఏరి ఒడిలో వేసుకునేది. ఏది కూరకు పనికొస్తుందో, ఏది పశువుకు వేయాలో, ఏ మొక్క వేరు తెగకుండా లాగాలో అడిగితే చెప్పేది.

రెండో రోజు అన్నం దగ్గర ఆమె అడిగింది. "మీకు కూలెంతిత్తన్నారు బాబూ?"

"ఏం ఇవ్వరత్తా. మేం నేర్చుకోవడానికి వచ్చాం."

ఆమె కొంచెంసేపు మాట్లాడలేదు. తరవాత కోపం లేకుండానే అంది. "నిరుడు ఈ కలుపు మేం ముగ్గురం తీసినాం. వారం పని దొరికింది. ఈయేడు మీరున్నారని నన్నొక్కదాన్నే రెండ్రోజులకి రమ్మన్నారు."

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మేం ఇష్టపడి ఇచ్చిన పని ఇంకెవరి ఇంట్లోనో బియ్యం తగ్గించింది. మర్నాడు అన్నను అడిగాం. ఆయన దాచలేదు. ఈ పొలం మీద వచ్చేది తమ తిండికి సరిపోతోందని, ప్రతి కలుపుకీ కూలి పెడితే ఆ ధరకు కూరగాయలు కొనేవాళ్లు లేరని చెప్పాడు. "మీరు నేర్చుకుంటున్నారు. ఆమె పనికి వస్తోంది. రెండూ వేరు కదా" అన్నాడు.

ఆయన మాటలో మొదటి సగం నిజం. చిన్న పొలం కష్టం మనకు తెలియనిది కాదు. రెండో సగం దగ్గరే మేం ఆగిపోయాం. కలుపు సంగతి మేం నేర్చుకున్నది ఆయన దగ్గర కన్నా అత్త దగ్గరే ఎక్కువ. నేర్పిన మనిషి కూలి మనిషి అయింది. నేర్చుకున్న మేం వాలంటీర్లం అయ్యాం. సాలు ఒకటే, కలుపు ఒకటే. పేర్లు మాత్రం రెండు. మాకు బస్సెక్కి వెళ్లిపోయే వీలుంది. ఆమెకు లేదు. ఆ తేడాకే రెండు పేర్లు వచ్చాయి.

జీతం లేని పని అనే మాట వింటే మన పెద్దవాళ్లకు ఇంకొకటి గుర్తొస్తుంది. అది వెట్టి. 1882 మద్రాసు అటవీ చట్టం పోడుకు అడ్డుపడింది. ఆపైన మన్యంలో రోడ్లు వేయడానికి మనవాళ్లను బలవంతంగా తీసుకెళ్లి, సరైన కూలి ఇవ్వకుండా పని చేయించుకున్నారు. గాం గంటం దొర, మల్లు దొర లాంటివాళ్లు అల్లూరి సీతారామరాజుతో కలిసి నడవడానికి, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి జరగడానికి వెనుక ఈ కడుపుమంట ఉంది. తరవాత రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం కూడా బలవంతపు పనే అంది. కొట్టి చేయించడమే బలవంతం కాదు, ఆకలి కూడా బలవంతమే అని దాని సారం.

మేం వెట్టి చేశామని అనడం లేదు. అలా అంటే వెట్టి చేసినవాళ్లను చిన్నబుచ్చినట్టే. కానీ కూలి లేని పని అంతా వెట్టి కాదు, కూలి లేని పని అంతా సేవ కూడా కాదు. వేరు చేసేది ఏమిటి?

దీనికి మన ఊళ్లలోనే ఒక కొలత ఉంది. బదులు పని. ఈరోజు పది మంది నా మెట్టలో కలుపు తీస్తారు. రేపు నేను వాళ్ల మెట్టల్లోకి వెళ్తాను. డబ్బు ఉండదు. పని చేయించుకున్న ఇల్లు ఆ పూట అంబలో, అన్నమో పెడుతుంది. ముసలివాళ్లకు, మగదిక్కు లేని ఇంటికి ముందు చేసి పెడతారు. కానీ ఎవరూ ఊరికే చేశాం అనుకోరు, ఎవరూ ఊరికే చేయించుకున్నాం అనుకోరు. చేసిన రోజులు అందరికీ గుర్తుంటాయి. ఇందులో దయ లేదు, యజమాని లేడు. తిరిగి వచ్చే పని మాత్రమే ఉంది.

ఆ కొలత పట్టుకుని చూస్తే జీతం లేని ఏ పని ముందైనా మూడు ప్రశ్నలు అడగవచ్చు అనిపిస్తోంది. వద్దనుకుంటే వెళ్లిపోయే వీలుందా? ఇచ్చిన పని ఏదో రూపంలో, చదువుగానో విత్తనంగానో పనిగానో, తిరిగి వస్తుందా? మన ఉచిత పని ఇంకొకరి కూలిని తీసేస్తోందా? మొదటి రెండు ప్రశ్నలకు ఆ పొలం మంచి జవాబే ఇచ్చింది. మూడోదాన్ని అక్కడ ఎవరూ అడగలేదు. అత్త అడిగేదాకా మేమూ అడగలేదు.

ఉపాధ్యాయ మిత్రులు ఈ ప్రశ్నలను బడి తోటకు కూడా పెట్టాలి. ఆశ్రమ పాఠశాలలో పిల్లల చేత పాదులు తవ్విస్తాం, నీళ్లు మోయిస్తాం. పండిన ఆనపకాయ పిల్లల పళ్లెంలోకి వస్తే, ఏ విత్తనం ఎందుకు వేశామో వాళ్లు రాసుకుంటే, అది చదువు. ఆ కాయ ఇంకెవరి సంచిలోకో వెళ్తే దానికి తోట పని అని పేరు పెట్టినా లాభం లేదు. పిల్లలకు ఆ తేడా మనకన్నా ముందే తెలుస్తుంది. ఊళ్లోని అవ్వను ఒకరోజు తోటకు పిలిచి పాఠం చెప్పించండి. ఆమెకు కుర్చీ వేయండి. మాకు ఆ కుర్చీ కనబడడానికి కొండ దిగి నలభై రోజులు ఉండాల్సి వచ్చింది.

యువతకు ఒక మాట. ఇలాంటి పొలాలకు వెళ్లొద్దని మేం చెప్పం. వెళ్లండి. లెక్క రాయడం, సరుకు అమ్మడం, కొత్తవాళ్లతో బెరుకు లేకుండా మాట్లాడడం నేర్చుకోండి. వెళ్లేముందు ఆ పని ఇంతకు ముందు ఎవరు చేసేవాళ్లో అడగండి. మేం మరుసటి ఏడాది అన్నను అదే అడిగాం. కలుపు పని కూలి వాళ్లకే వదిలేస్తే, విత్తనాలు ఎండబెట్టడం, జీవామృతం, లెక్కల పుస్తకం మేం చూసుకుంటామని చెప్పాం. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజులు ఆలోచించి, వారం కాకపోయినా నాలుగు రోజులకు ముగ్గురిని పిలుస్తానన్నాడు. మిగతా మూడు రోజుల సంగతి ఇంకా తేలలేదు. చిన్న రైతు పండించినదానికి సరైన ధర వస్తే తప్ప అది తేలదు.

ఆ నలభై రోజులు అయ్యాక ఇంటికి వచ్చి, నలుగురం కలిసి మొదట నవ్విన నాయనమ్మ మెట్టలోకే దిగాం. ఒక రోజంతా చోడి చేనులో కలుపు తీశాం. సాయంత్రం ఆమె చోడి అంబలి పోసింది. పొగుడుతుందేమో అనుకున్నాం. ఆమె మిగిలిన ముగ్గురినీ చూసి, "మీ ఇళ్ల మెట్టలు ఎప్పుడు?" అని అడిగింది.

"నువ్వు రావక్కర్లేదు నాయనమ్మా, ఊరికే చేశాం" అన్నాం.

"ఊరికే చేయించుకోడానికి నేనేటి దొరనా?" అంది.

తరవాతి వారం, మోకాళ్ల నొప్పితోనే, బొరిగె పట్టుకుని ఆమె మూడు మెట్టలకూ వచ్చింది.