సూర్యప్రకాశము - శివప్రసాదము

 

ప్రాతఃకాలమున స్నానము గావించి, విభూతి ధరించి, వామహస్తమునందు ఇష్టలింగమును నిలుపుకొని మనము పూజకు కూర్చుండుదుము. ఆ లింగమును కన్నులార దర్శించుటకు వెలుగు కావలెను. ఆ వెలుగును మనము వెలయిచ్చి కొనలేదు. సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరముననున్న సూర్యుని నుండి బయలుదేరి, 8 నిమిషములకు కొంచెము మించిన కాలములో అది మన గడపను చేరినది. మనము విభూతిని చేతికి తీసికొనక మునుపే శివుని దానము దారిలో నున్నది. అడుగక మునుపే ఇచ్చుట ఆయన స్వభావము.

అట్లయిన సూర్యుని వేరుగా పూజింపవలెనా యని కొందరు ప్రశ్నింతురు. శివుని అష్టమూర్తులలో సూర్యుని ఒక మూర్తిగా పురాణములు చెప్పినవి. అయినను వీరశైవునకు ఆరాధ్యుడు ఒక్కడే. ఆయన కరస్థలమందే కలడు. దానమును చూచి దాతను మరువరాదు. దాతను కొలుచుచు దానమును చులకన చేయనూరాదు. భూమియు, పంటయు, గాలియు శివుడిచ్చినవే యని భావించిన జేడర దాసిమయ్య వంటి శరణుల మార్గమిదియే. సూర్యుని చూచి కలిగిన కృతజ్ఞత శివునికే చెందవలెను.

ఆ దాన మెంతటిదో యోచింపుడు. సూర్యుడు వెదజల్లు వెలుగులో సుమారు 200 కోట్ల పాళ్ళలో ఒక్క పాలు మాత్రమే ఈ భూమిపై పడుచున్నదని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. ఆ ఒక్క పాలితోనే అడవులు పెరుగుచున్నవి, పైరులు పండుచున్నవి. పచ్చని ఆకు నీటిని, గాలిని గ్రహించి, ఎండ బలముతో ఆహారమును సిద్ధము చేయును. అదియే గింజయై, అన్నమై మన పళ్ళెరములోనికి వచ్చును. లింగమునకు సమర్పించి మనము స్వీకరించు ప్రసాదము గట్టిపడిన సూర్యకాంతియే గదా!

"రోహిణీ కార్తెలో రోళ్ళు పగులునట్టి ఎండకును కృతజ్ఞత చెప్పవలెనా?" యని చేనిలో మాడిపోవు కూలివాడు అడిగిన, ఆ ప్రశ్న న్యాయమైనదే. సముద్రజలమును ఆవిరిగా పైకెత్తునది ఆ ఎండయే. నేలను కాచి, నైరుతి గాలులను మనవైపు రప్పించునదియు ఆ ఎండయే. ఇది సత్యము. కాని నీడన కూర్చున్నవాడు ఈ సత్యమును ఎండలోనున్న వానికి బోధించి ఊరకుండుట భక్తి కాదు. వానికి చల్లని నీరిచ్చి, మధ్యాహ్నపు వేళ విశ్రాంతి నొసగి, కూలి తగ్గింపకుండుటయే మన కృతజ్ఞతకు నిదర్శనము. బసవేశ్వరుడు బోధించిన దాసోహము అదియే.

మరియొక విషయము. ఎండను ఎవ్వరును గాదెలో దాచలేరు. అది మఠముపైనను, మాలపల్లెపైనను, మేడపైనను, గుడిసెపైనను సమముగా పడును. కాని ఆ ఎండ గింజగా మారిన వెంటనే మనము తాళము వేయుదుము. శివుడు అందరికిచ్చినది మన చేతికి వచ్చుసరికి కొందరిదగుచున్నది. కల్యాణ పట్టణములో రాలిన బియ్యము నేరుకొని జీవించిన ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెను. భార్య లక్కమ్మ అంగీకరింపలేదు. అధికమైన బియ్యమును తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపెను. పేదరాలైన ఆ తల్లికి తెలిసిన ధర్మము, గాదెలు నిండిన మనకు తెలియవలదా?

ఎండలో బట్టలారవేసిన మడివాలు మాచయ్యకు సూర్యోదయము కాయకమునకు పిలుపు. మనకును అట్లే కావలెను. ఉదయమున లింగమునకు మ్రొక్కునపుడు వెలుగునిచ్చినందులకు శివుని స్మరింపుడు. పగలంతయు సత్యమైన కాయకము చేయుడు. సాయంకాలము పొద్దుగ్రుంకక మునుపు, ఈనాటి వెలుగులో నా పాలెంత, పరులకిచ్చిన దెంత యని మనస్సును ప్రశ్నింపుడు. ఇంటిలోని పిల్లలకును ఈ ప్రశ్న నేర్పుడు. తీసికొన్న దానిని పంచనివాని కృతజ్ఞత మాటగానే మిగులును. పంచినవాని కృతజ్ఞత పూజయగును.

శివార్పణమస్తు.