తెచ్చుకున్న అప్పు

"బాలీ వెళ్ళొచ్చారుటగా, ఏం తెచ్చుకున్నారేమిటి?" అని అడిగింది ఎదురింటావిడ. చెక్కబొమ్మ చూపించాను, బాతిక్ గుడ్డ చూపించాను. వాటితోపాటు తెచ్చుకున్న అప్పు మాత్రం చూపించలేకపోయాను. రూపాయల్లో అప్పయితే ఈపాటికి తీర్చేసి ఉందును.

పిల్లల సెలవుల్లో వారం రోజులకని నలుగురం ఉబుద్ వెళ్ళాం. దిగింది హోటల్లో కాదు. ఒక కుటుంబం తాము ఉంటున్న ఆవరణలోనే రెండు మూడు గదులు వేసి అద్దెకిస్తారు చూడండి, అలాంటి ఇంట్లో. పొద్దున్నే ఇంటావిడ చిన్న చిన్న ఆకుబుట్టల్లో పూలు సర్ది, అగరువత్తి వెలిగించి గుమ్మం గుమ్మానికీ పెడుతుంటే మన ఊళ్ళోనే ఉన్నట్టనిపించింది. పరాయి ఊరంటే ఏమిటో మూడోరోజున తెలిసింది.

ముందు చిన్నాడికి వాంతులు. అర్ధరాత్రికి పెద్దదానికి. తెల్లారేసరికి మావారికి. అక్కడికొచ్చే యాత్రికులకి ఇదెంత మామూలంటే, 'బాలీ బెల్లీ' అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. తిండిలోనో నీళ్ళలోనో చేరిన సూక్ష్మజీవులు చేసే పని. మేం ఏ పళ్ళరసంలో ఏ ఐసుముక్క మింగామో ఇప్పటికీ తెలీదు. పేరు ముద్దుగా ఉన్నంత మాత్రాన జబ్బు ముద్దుగా ఉంటుందా! ఇంట్లో అమ్మకి మాత్రం జబ్బు చెయ్యకూడదని ఎవరు శాసనం రాశారో గాని, మధ్యాహ్నందాకా నేనూ దాన్ని పాటించాను. ఆ తరవాత గోడ పట్టుకుని కూలబడ్డాను.

అప్పుడొచ్చిందావిడ. అందరూ పిలిచినట్టే మేమూ ఆవిణ్ణి 'ఇబు' అనేవాళ్ళం. ఇండొనేషియా భాషలో అమ్మ అని అర్థం. ఆ పగలూ రాత్రీ మా గదిలోనే ఉంది. డాక్టర్ని పిలిపించింది. 'ఓరాలిట్' పొట్లాలు తెప్పించి, కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, చెంచా చెంచాగా చిన్నాడి నోట్లో పోసింది. పాడైపోయిన పక్కదుప్పట్లు నా చేతుల్లోంచి లాక్కుని తనే ఉతికింది.

ఆ పొట్లాలు మనకి కొత్తేం కాదు. ఉప్పూ పంచదార కలిసిన ఓఆర్ఎస్సే. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి శరణార్థులు లక్షలుగా వచ్చినప్పుడు బనగాఁవ్ శిబిరంలో కలరా ప్రబలింది. సెలైను సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్ళు తాగించమని రోగుల అయినవాళ్ళ చేతికే ఇచ్చారు. అక్కడ నూటికి ముప్ఫైదాకా ఉన్న చావులు నాలుగులోపుకి దిగాయి. ఆయన 2022లో పోయాక, 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఆ మందు గొప్పదే. కాని పక్కన కూర్చుని గుక్కగుక్కగా తాగించే మనిషి లేకపోతే పొట్లం పొట్లంగానే ఉండిపోతుంది.

ఇబు దుప్పట్లు ఉతుకుతుంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కృతజ్ఞతతో అనుకున్నారు మావారు. అందులో సగం సిగ్గు.

రెండేళ్ళ కిందట మా కింది వాటాలో ఒడిశా నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాం, ఒక పసిపిల్లా ఉండేవారు. భాష రాదు, ఊరు కొత్త. ముగ్గురికీ వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయని పనిమనిషి చెప్పింది. నేనేం చేశాను? మాత్రలు కవర్లో పెట్టి వాచ్‌మన్ చేత పంపించి, మా పిల్లల్ని కిందికి వెళ్ళద్దని చెప్పి, తలుపేసుకున్నాను. వాళ్ళు కోలుకున్నారు. కొన్నాళ్ళకి ఇల్లు మారిపోయారు. వెళ్తూ వెళ్తూ ఆ అమ్మాయి నాకు నమస్కారం కూడా పెట్టింది.

తప్పు చేశానా? పిల్లల తల్లి జాగ్రత్త పడకపోతే ఎలా? ఈ జవాబుతోనే రెండేళ్ళూ నన్ను నేను సమర్థించుకున్నాను. కాని ఇబు ఇంట్లోనూ ఓ బుల్లి మనవడున్నాడు. మా గదిలోంచి వెళ్ళిన ప్రతిసారీ ఆవిడ మోచేతులదాకా సబ్బుతో కడుక్కునేది. మనవణ్ణి మా వసారా వైపు రానిచ్చేది కాదు. నాకున్న భయమే ఆవిడకీ ఉంది. భయం ఆవిడ చేత చేతులు కడిగించింది. నా చేత తలుపు వేయించింది.

"డబ్బిచ్చి దిగినవాళ్ళు కదుటే, చెయ్యక ఏం చేస్తుంది?" అంది మా ఆడపడుచు. నిజమే, కొంత అదీ ఉండొచ్చు. కాని రాత్రంతా మేలుకుని చెంచాతో నీళ్ళు పట్టడం ఏ గది అద్దెలో కలిసుంటుంది? వచ్చేటప్పుడు ఇంకాస్త డబ్బు చేతిలో పెట్టబోతే, పొట్లాల ఖరీదు లెక్కపెట్టి తీసుకుని మిగతాది తిరిగి ఇచ్చేసింది.

'తెరిమా కాసీ' అన్నాను. ధన్యవాదాలు చెప్పడానికి వాళ్ళ మాట అది. విడదీసి చూస్తే 'ప్రేమని అందుకో' అని. దానికి ఆవిడ నవ్వుతూ 'సమ సమ' అంది. మర్యాదకి అందరూ చెప్పే జవాబే, నీకూ అంతే అని. ఆవిడ వైపు నుంచి లెక్క సమమైపోయింది. నా వైపు నుంచి కాలేదు. నేను బాకీపడ్డది ఉబుద్‌లో కాదుగా.

ఆ ఒడిశా అమ్మాయి ఇప్పుడెక్కడుందో తెలీదు. కింది వాటాలోకి మొన్న కొత్తవాళ్ళు దిగారు. వాళ్ళకి జబ్బు చెయ్యాలని కోరుకోలేను కదా! ఊరికే వెళ్ళి, పాలూ నీళ్ళూ కుదిరాయా అని అడిగి వచ్చాను. తలుపు తట్టడం ముందు అలవాటు కావాలిగా మరి.