విభీషణుని కన్నీరు

బాలురకై వ్రాయబడిన రామాయణములలో అన్నదమ్ముల అనురాగమునకు పెద్దపీట వేయుట మనకు పరిపాటి. అన్న వెంట అడవికి నడచిన లక్ష్మణుడును, పాదుకలను శిరమున దాల్చి నందిగ్రామమునకు మరలిన భరతుడును కంటబడని బొమ్మల పుస్తకమును నేనింతవరకు చూడలేదు. 1947లో చందమామ వెలువడిన నాటినుండి పురాణగాథలు నెలనెలా మన ఇండ్లకు వచ్చి, ఎన్ని తరముల పిల్లలకో భ్రాతృప్రేమ యనగా నిట్టిదని నేర్పినవి. అందులకు మనము ఋణపడియే యున్నాము. కాని ఆ కావ్యమునందే, అన్న తప్పుత్రోవ త్రొక్కినప్పుడు తమ్ముడేమి చేయవలెనను ప్రశ్న ఒకటి కలదు. దానిని మన బాలగ్రంథములు రెండు వాక్యములలో దాటించి, విభీషణుడు మంచివాడు గనుక రాముని చేరెనని చెప్పి పుట త్రిప్పివేయును.

పిల్లవాడు మాత్రము అంత సులభముగా పుట త్రిప్పడు. కథ చెప్పుచున్న పెద్దవారిని ఆపి, “తాతయ్యా, అన్నయ్యను విడిచిపెట్టి శత్రువు దగ్గరికి వెళ్లిపోవచ్చా?” అని అడుగును. ఆ ప్రశ్నలో అమాయకత్వముకంటె ధర్మజిజ్ఞాస యెక్కువ. ఏలయన, ఆ పిల్లవానికి ఇంట అన్నయో తమ్ముడో యుండును. నిన్న అన్న చేసిన తుంటరిపనిని నాన్నతో చెప్పవలెనా మానవలెనా యని వాడు తనలో తాను పెనగులాడి యుండును. పుస్తకము విభీషణుని పుణ్యాత్ముడనుచున్నది. వంటయింట అమ్మమ్మ యేమో “ఇంటి గుట్టు లంకకు చేటు” అనుచున్నది. ఒకే కథనుండి పుట్టిన ఈ రెండు తీర్పులలో దేనిని నమ్మవలెనో ఆ పసివానికెవ్వరు చెప్పుదురు?

సామెత పక్షమున పలుకువారు వాల్మీకిలోను కలరు. వారిలో మొదటివాడు రావణుడే. పాశములు చేతబట్టిన మనుష్యులను చూచి పద్మవనమున ఏనుగులు పాడిన గాథనొకదానిని అతడు తమ్మునికి వినిపించును: నిప్పునకు గాని, ఆయుధములకు గాని, ఉరులకు గాని తాము వెరవవట, తమను పట్టు ఉపాయమును పరులకు తెలుపు స్వజనమునకే వెరచునట. ఆ పరుషవాక్యములకు విభీషణుడిచ్చిన ప్రత్యుత్తరమును మన బాలరామాయణములలో నేనెచ్చటను చూడలేదు. నీవు పెద్దవాడవు, తండ్రివంటివాడవు, ధర్మమార్గమున మాత్రము లేవు. నిన్నును ఈ నగరమును కాపాడుకొనుము, నేను పోవుచున్నాను, నేను లేకయే సుఖముగా నుండుము అని ఆశీర్వదించి అతడు వెడలెను. లోకమున ప్రచారమందున్న కథలలో రావణుడు తమ్ముని తన్ని వెడలగొట్టినట్లు చెప్పుదురు. మన ప్రాంతమున పారాయణ చేయు వాల్మీకి పాఠమున ఆ తాపు లేదు. అది చేరుటచే కథకు రక్తి కలిగినది గాని, ధర్మము కొరకు తీసికొనిన నిర్ణయము అవమానమునకు ప్రతీకారముగా దిగజారినది.

శరణాగతి ఘట్టమున సుగ్రీవుడు సరిగా ఆ పిల్లవాని శంకనే లేవనెత్తును. ఆపదలో నున్న అన్ననే విడిచినవాడు ఎవ్వరిని విడువడు? అన్నను చంపించి కిష్కింధ నేలుచున్న సుగ్రీవుని నోట ఈ మాట వచ్చుట గమనింపదగినది. ఆ బాధ ఎట్టిదో అతనికి తెలియును. రాముడు విభీషణుని నిష్కామునిగా వర్ణింపలేదు. రాజ్యకాంక్ష యున్నదనియు గుర్తించెను. అన్నదమ్ములందరును భరతునివంటివారు కారని చెప్పి, శరణన్నవానికి అభయమిచ్చెను. ఆదర్శమును తన ఇంట పొందినవాడే దానిని పరుల ఇంట కొలబద్దగా వాడుటకు ఒప్పుకొనలేదు. పిల్లలకు చెప్పదగిన మాట ఇంతకుమించి మరేది?

కుంభకర్ణుని త్రోవ వేరు. అతడును అన్న చేసినది తప్పని నిండుకొలువులో నిష్ఠురముగా పలికెను. బంధుభావముచే, భ్రాతృస్నేహముచే చెప్పితిననెను. పిదప శూలము గైకొని యుద్ధమునకు నడచెను. భారతమున వికర్ణుడును అట్టివాడే. ద్రౌపదికొరకు సభలో నోరు విప్పి, కర్ణునిచే అధిక్షిప్తుడై, తుదకు అన్నల పక్షముననే పోరి భీముని చేత కూలెను. కూల్చిన భీముడే అతనికొరకు విలపించెను. వీరిని తలచినప్పుడు నా మనస్సు ఆర్ద్రమగును. అయినను, తప్పని యెరిగియు ఆ తప్పునకు తన భుజబలమును ధారపోసిన తమ్ముడు అన్నకు మేలు చేసెనని నేననజాలను. కుంభకర్ణుడు తోడు రానన్నచో రావణుడొక్కసారియైన ఆగి ఆలోచించెడివాడేమో. ఆ అవకాశము ఆ ప్రేమ చేతనే పోయినది.

విభీషణుడు విడిచినది అన్న చేయు పనిని, అన్నను విడువలేకపోయెను. ఇందులకు సాక్ష్యము నికుంభిలలో కలదు. ఇంద్రజిత్తు హోమస్థలమును లక్ష్మణునకు చూపినవాడు అతడే. “తండ్రి తమ్ముడవై కొడుకునకు ద్రోహము చేయుదువా” యని కన్నబిడ్డవంటి ఆ అన్నకొడుకు నిలదీసినప్పుడు, అతడు ధర్మము పేర సమాధానము చెప్పగలిగెను. కాని తరువాత వానరులతో నొక మాట అనెను: అన్నకొడుకును చంపుట తనకు తగదు, రామునికొరకు దయను విడిచి కొట్టబోయినను కన్నీరు చూపునకడ్డు వచ్చుచున్నది, లక్ష్మణుడే ఆ పని చేయవలెను. రావణుడు కూలినప్పుడు ఏడ్చినవాడును అతడే. అంత్యక్రియల వేళ మాత్రము, అన్న రూపమున నున్న శత్రువునకు సంస్కారమేలయని వెనుదీసెను. అప్పుడు రాముడు, వైరము మరణముతో ముగిసినది, ఇతడు నీకెట్లో నాకును అట్లే యని పలికి అతనిచేత చితి పేర్పించెను.

ఈ రెండు ఘట్టములను పిల్లల పుస్తకములనుండి తొలగించువారు, పసిమనస్సులకు ఇంతటి సంకటము తగదని చెప్పుదురు. నేను వారితో ఏకీభవింపజాలను. అన్నదమ్ములతో పెరుగు పిల్లవానికి, కోపమును ప్రేమయు ఒకే మనిషియందు ఒకే పూట కలుగుననుట అనుభవమే. వానికి తెలియనిదల్లా తనవలె పెద్దవారును, పురాణపురుషులును ఆ యాతన పడిరని. కన్నీరు లేని విభీషణుని చూపినచో, వాడు అతనిని చాడీలు చెప్పువానిగా నైన తలచును, లేదా తోబుట్టువును విడుచుట సులభమని యైన నేర్చుకొనును. నికుంభిలకు ఒక పుట, చితికి మరొక పుట చేర్చుటకు ఏ ప్రకాశకునకైనను కాగితము కరవు కాదు.