చూపు దక్కని వెండి

ఫిల్ము కడగడం గురించి సినిమాలు మనకు నేర్పిన తప్పు ఒకటుంది: ఎర్రబల్బు. అది కాగితం మీద ప్రింటు వేసేటప్పటి సంగతి. ఇప్పుడు దొరికే నలుపు తెలుపు ఫిల్ముల్లో చాలావాటికి ఎరుపు కూడా కనబడుతుంది. అందుకే రీలుకు ఎక్కించి ట్యాంకు మూత బిగించేదాకా కటిక చీకటి ఉండాల్సిందే. రాత్రిపూట బాత్రూము తలుపు కింద సందులో తువ్వాలు కుక్కి ఆ పని చేస్తాను. ఫిల్ము అంచు గాడిలో పడిందో లేదో వేలికే తెలియాలి.

మూత పడ్డాక లైటు వేసుకోవచ్చు. నేను వాడే డెవలపర్ డి-76. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5, సోడియం సల్ఫైట్ 100, బొరాక్స్ 2. ద్రావణం 20 డిగ్రీల దగ్గర ఉండాలంటారు. మే నెలలో బెజవాడ కుళాయికి ఆ మాట ఎవరు చెప్పాలి? సీసాను ఐసుముక్కల గిన్నెలో నిలబెట్టాల్సిందే.

డెవలపర్ చేసే పని అందరికీ వింతగా ఉంటుంది. ఫిల్ము మీద వెలుగు తాకిన వెండి లవణపు స్ఫటికంలో ఏర్పడేది నాలుగైదు వెండి పరమాణువుల మచ్చ. దాన్ని ఆసరా చేసుకుని డెవలపర్ స్ఫటికం మొత్తాన్ని వెండిగా మార్చేస్తుంది. నన్ను మాత్రం ఆలోచనలో పడేసేది బొమ్మను నిలపడానికి దాని తర్వాత పోసే హైపో.

1802 నాటికే వెడ్జ్‌వుడ్, డేవీ అనే ఇద్దరు వెండి లవణాల మీద ఆకుల నీడలు పట్టారు. వాటిని నిలపడం వాళ్లకు చేతకాలేదు. పగటి వెలుగులో పెడితే నీడా నేపథ్యమూ కలిసి నల్లబడిపోయేవి. వెండి లవణాలను హైపో కరిగిస్తుందని హెర్షెల్ అనే శాస్త్రవేత్త 1819లోనే కనిపెట్టాడు. దాన్ని ఫొటోకు వాడింది 1839లో. అంటే వెలుగును పట్టడం కన్నా ఇక చాలనడం కష్టమైంది మనిషికి.

హైపో బొమ్మకు కొత్తగా ఏదీ చేర్చదు. వెలుగు తాకని, ఇంకా చూడగలిగిన స్ఫటికాలను కరిగించి తీసేస్తుంది. ఒక్క చూపు నిలవాలంటే మిగిలిన చూపంతా పోవాలి. జ్ఞాపకాలూ ఇంతేనేమో. మా పాత ఇంటి వాకిట్లో ఉన్నది వేపచెట్టని నా నమ్మకం, కానుగ అని అన్నయ్య వాదన. ఇద్దరం ఎప్పుడో హైపోలో ముంచి తీసినవాళ్లమే, కొత్త వెలుగు ఇద్దరి మీదా పనిచేయదు. అలాగని ముంచకుండా ఉంచుకుంటే వెడ్జ్‌వుడ్ ఆకుల్లా అన్నీ నల్లబడిపోతాయి. నిలిచిందంతా నిజమని మాత్రం నేననను.

ఇంట్లో ఫిల్ము కడిగేవాళ్లకు ఒక మాట. వాడేసిన హైపోను సింకులో పొయ్యకండి. బొమ్మలో చోటు దక్కని వెండి అంతా అందులోనే కరిగి ఉంటుంది, నీళ్లలోని జీవాలకు అది చేటు. డబ్బాలో పట్టి ఉంచి, ఎక్స్‌రే హైపో నుంచి వెండి తీసేవాళ్లకు ఇవ్వండి.