యంత్రబలము – యజమాని వివేకము

మంచికిని చెడుకును నడుమ ఎన్నుకొనవలసివచ్చినపుడు పెద్దలు చెప్పిన నీతులు మనకు తోడుపడును. రెండు మంచివస్తువుల నడుమ ఎన్నుకొనవలసివచ్చినపుడు మాత్రము ఏ నీతిశతకమును వెంటనే అక్కరకు రాదు. అచ్చట మన స్వభావమే బయటపడును. అట్టి సమస్య యొకటి ఇటీవల మా యింట చర్చకు వచ్చెను.

హైదరాబాదున వ్యాపారము చేయు మా మేనల్లుడు గత దసరాకు నాందేడు వచ్చి, భోజనానంతరము మెల్లగా ఇట్లనెను: "మామా, సెకండ్ హ్యాండులో ఒక బెంట్లీ కారు చూసిన. పన్నెండు సిలిండర్లది తీసుకోమంటారా, ఎనిమిదిదా?" మేము మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, గుమాస్తాగా పనిచేసి విరమించినవారము. ప్రస్తుతము మా వాహనము సైకిలే. అయినను లెక్కలు చూచుట మా వృత్తి కావున, కాగితములు చూపుమంటిమి.

దూరప్రయాణమును వేగముగాను సుఖముగాను సాగించుటకు నిర్మించిన విలాసపు కారును గ్రాండ్ టూరర్ అందురు. బెంట్లీవారి కాంటినెంటల్ జీటీ ఆ జాతిది, 2003లో వెలువడినది. మొదట దానిలో అమర్చినది ఆరు లీటర్ల, పన్నెండు సిలిండర్ల డబ్ల్యూ 12 యంత్రము. దాని బలము 550 అశ్వశక్తికి పైమాట. 2012లో నాలుగు లీటర్ల వి 8 యంత్రము తోడైనది; దాని బలము సుమారు 500. ఈ రెండవదానికి ఒక చక్కని గుణము కలదు. దారి సులువుగా నున్నపుడు ఎనిమిది సిలిండర్లలో నాలుగింటిని నిద్రపుచ్చి, మిగిలిన నాలుగింటితోనే నడచును. 2015 తరువాత పన్నెండు సిలిండర్లదానికిని ఈ విద్య నేర్పిరి. డబ్ల్యూ 12 యంత్రము ఇరుకున క్రిక్కిరిసియుండుటచే, కొన్ని మరమ్మతులకు యంత్రమునే క్రిందికి దింపవలసివచ్చును. 2024లో దాని తయారీయే ముగిసినది.

ఇక వేగము సంగతి. రెండును గంటకు 300 కిలోమీటర్లు దాటగలవు. 2018 నాటి కేంద్రప్రభుత్వ ప్రకటన ప్రకారము మన ఎక్స్‌ప్రెస్ మార్గములపై కార్లకు గరిష్ఠవేగము 120. నాలుగు వరుసల రహదారిపై 100. నాందేడు నుండి దేగలూరు మీదుగా సంగారెడ్డికి పోవు 161వ నంబరు జాతీయ రహదారిపై ఆ యేబది అశ్వముల తేడా ఎన్నడు కంటబడును? అట్లయినచో అధికముగా కొనుచున్నది దేనిని? "పన్నెండు" అను మాటను!

మేమిట్లనగా మేనల్లుడు ఊరకుండలేదు. "మామా, అవసరమే లెక్కయితే పాటెందుకు, పట్టుచీర ఎందుకు? పన్నెండు సిలిండర్ల నడకలో మెత్తదనం వేరు. తక్కువది కొని రోజూ ఎక్కువదాన్ని తలుచుకుంటే, కొన్న సుఖమెక్కడ?" అనెను. ఈ మాటలో సత్యము లేకపోలేదు. మన పెద్దలు కామమును పురుషార్థములలో చేర్చిరే గాని వెలివేయలేదు. ధర్మమునకు విరుద్ధము కారాదనిరి, అంతియే. కావున కోరిక తప్పని మేమనము. ఆ కోరిక వెల ఎవరు చెల్లింతురన్నదే మా ప్రశ్న.

పాతబండి విషయమున ఈ ప్రశ్న మరింత పదునెక్కును. ఏండ్లు గడచినకొలది బండి ధర తరుగును గాని దాని దర్జా తరుగదు. కొన్నది సగము వెలకైనను, టైర్లు, బ్రేకులు, మరమ్మతు కూలి క్రొత్త బండి లెక్కననే అడుగును. మొదటి యజమాని సుఖమనుభవించి దిగిపోవును. శేషించిన ఖర్చు రెండవవాని తలపైకి వచ్చును. కొనగలుగుట వేరు, పోషింపగలుగుట వేరు.

ఇది మేము పుస్తకములలో చదివి చెప్పుట లేదు. ఉద్యోగపు తొలినాళ్ళలో రెండు పాత మోటారు సైకిళ్ళు మా యెదుటకు వచ్చినవి. చిన్న యంత్రముది మా జీతమునకు తగినది. పెద్ద యంత్రముది, దాని ధ్వనికి వీధి తలత్రిప్పి చూచునట్టిది. మేము పెద్దదానినే కొంటిమి. అది త్రాగిన పెట్రోలుకును, మింగిన మరమ్మతులకును లెక్కలేదు. ఆ యేడు మా తల్లికి కంటిలో శుక్లములు తీయింపవలసియుండగా, "వచ్చే ఏటికి చూద్దాంలేరా" అని ఆమెయే మాకు ధైర్యము చెప్పినది. ఆ సంవత్సరమంతయు ఆమె బియ్యములో రాళ్ళు చేతితో తడవి ఏరుచుండగా చూచితిమి. బండిని అమ్మి, తరువాతి యేట చికిత్స చేయించితిమి. చూపు వచ్చినది. ఆమె ఆ మాట మరల ఎత్తనే లేదు. మేము మాత్రము మరువలేదు.

మా నాందేడు 1948 వరకు నిజాము రాజ్యములోనిది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొరకు తయారైన రోల్స్ రాయిస్ సింహాసనపు కారు నేడును హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున నున్నది. 1911లో ఆయన కాలము చేసెను. దానిలో విహరించు భాగ్యము ఆయనకు లేకపోయినది. ఉత్సవములకు తప్ప బయటకు రాని ఆ బండి నడచినది బహుకొద్ది దూరము. రాజుకది చెల్లును. సంసారికి, నిలిచియున్న బండియు తినుచునే యుండును.

దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుమను సామెత మన తెలుగువారికిని మా మరాఠీ ఇరుగుపొరుగువారికిని సమానమే. అయితే ఆ దుప్పటి క్రింద ఇంకెవరు పండుకొనియున్నారో కూడ చూడవలెను గదా! మేనల్లుడు తన చెల్లెలి కుమార్తె వైద్యవిద్యకు సాయపడుదునని మాట ఇచ్చియున్నాడు. కావున మేమిట్లు చెప్పితిమి: "ముందు ఆ పిల్ల చదువు సొమ్ము వేరుగా బ్యాంకులో వేయి. రెండేండ్ల మరమ్మతుల ఖర్చు దాని ప్రక్కన పెట్టు. అటుపై మిగిలినది పన్నెండింటికి చాలునా, సిగ్గుపడక పన్నెండే కొనుము. ఎనిమిదింటికే చాలునా, చింతపడక ఎనిమిదే కొనుము. దేనికిని చాలదా, మా సైకిలున్నది."

అతడు నవ్వెను గాని, ఆ రాత్రి చాలసేపు కాగితముపై లెక్కలు వేయుచు కూర్చుండెను. నెల తరువాత టెలిఫోను చేసి, "మామా, పిల్ల పేర డిపాజిట్ చేసిన. ఎనిమిది సిలిండర్లదే వెతుకుతున్న" అనెను. పన్నెండు సిలిండర్ల మెత్తదనము అతని మనస్సున ఇంకను మెదలుచుండవచ్చును. మెదలనిండు. అవసరము లేనిచోట కొంత బలమును నిద్రపుచ్చుట ఒక యంత్రమునకే చేతనైనపుడు, మనుష్యునకు చేతకాదా?