పాపను ఇంట్లో చదివించేటట్టయితే

అబ్బీ, ఈ జూన్‌లో పాపను బడిలో వేసేది లేదు, ఇంట్లోనే చదివించుకుంటామని నువ్వూ కోడలూ తీర్మానించుకున్నారట. మీ అమ్మ ఫోను చేసి, ‘నువ్వన్నా వానికి రొంత చెప్పు బావా’ అంది. ఆమె కోరింది వేరు, నేను చెప్పబోయేది వేరు. సర్కారు బడుల్లో సుద్దముక్క పట్టుకునే తల నెరిసినవాణ్ణి గదా, బడి తరఫున వకాల్తా పుచ్చుకుంటాననుకోవద్దు. ఇంటి చదువు తప్పని నేను అనను. దానికి ఏమేం కావాలో మీరు పూర్తిగా లెక్క వేసుకున్నట్టు మాత్రం నాకు కనపడలేదు.

మీ కోపం ఎవరి మీదో నాకు తెలుసు. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ అంటూ, తెల్లారగానే బస్సెక్కి చీకటి పడ్డాక దిగే పిల్లలను ఆదోనిలో నేనూ చూస్తున్నా. వీపున సంచి, చేతిలో మార్కుల కాగితం, ముఖంలో నిద్ర. ఆ బడి మా పాపకు వద్దని మీరు అంటే నేను మీ వెనకే నిలబడతా. కానీ నువ్వు ఇంటిని పోలుస్తున్నది ఆ బడి ఒక్కదానితోనే. మీ వీధి చివరనే మున్సిపల్ బడి ఉంది. దాన్ని వద్దనుకున్నారని కూడా చెప్పలేను, ఎందుకంటే అది మీ లెక్కలోకే రాలేదు.

ఇంట్లో చదువుకున్న పిల్లలు పెద్దయ్యాక ఎట్లుంటారో తెలుసుకోవాలని అమెరికా వాళ్ల వీడియోలు చూస్తున్నావంట. ఎమ్మిగనూరులో ఉండి అంత దూరం పోవడం దేనికి? మీ వీధిలో ముసలి నేతగాళ్లను అడుగు. వాళ్లలో శానామంది ఇంటి చదువు చదివినవాళ్లే. చిన్నప్పుడు కండెలు చుట్టారు, రొంత ఎదిగాక అచ్చు అతికేదానికి కూర్చున్నారు, కాళ్లు అందగానే గుంట మగ్గంలోకి దిగారు. నూలు నంబరంటే ఏమిటో నీ ఇంజనీరింగ్‌లో చెప్పారో లేదో. చిలపకు 840 గజాలు, పౌనుకు ఎన్ని చిలపలు తూగితే అది అంత నంబరు. నలభయ్యో నంబరు నూలంటే పౌనులో 33,600 గజాల దారం. నేతగాడు దాన్ని వేళ్ల మధ్య నలిపి చెప్పేవాడు. చేతికి అంత చదువు పెట్టే బడి నాకు ఇప్పటికీ కనపడలేదు.

అయితే 1938లో మాచాని సోమప్ప ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టినాక సంగతి మారింది. సంఘమంటే నూలు ఇచ్చిన లెక్క ఉంటుంది, బట్ట తీసుకున్న లెక్క ఉంటుంది, కూలి లెక్క, మహాసభ, తీర్మానం అన్నీ ఉంటాయి. అన్నిటికీ కాగితమే. వేళ్లలో లెక్కంతా ఉన్న మనిషి, అదే లెక్క రాసిన పుస్తకం ముందు వేలిముద్ర వేయాల్సి వచ్చింది. ఆ ముసలివాళ్లు కొడుకులను, కూతుళ్లను బడికి ఎందుకు పంపారో నువ్వు వాళ్ల నోటి నుంచే విను.

ఈ కాగితం పీడ ఆ కాలంతో పోలేదు. ముంబయి అమ్మాయి మాళవికా రాజ్ జోషిని వాళ్లమ్మ ఏడో తరగతి తర్వాత బడి మాన్పించి ఇంట్లో చదివించింది. కంప్యూటర్ ప్రోగ్రామింగ్‌లో అంతర్జాతీయ ఒలింపియాడ్ పతకాలు మూడు తెచ్చుకుంది. అయినా పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేదు కాబట్టి ఐఐటీ తలుపు తెరుచుకోలేదు. చివరికి 2016లో అమెరికాలోని ఎంఐటీ సీటిచ్చింది. పేపర్లన్నీ ఎంఐటీ సంగతిని పెద్దక్షరాల్లో వేశాయి. నువ్వు ఐఐటీ సంగతి చదువుకో. అన్ని పతకాలు తేలేని పిల్లకు, అంటే దాదాపు మన పిల్లలందరికీ, ఆ మూసిన తలుపే మిగిలేది.

హైదరాబాదు టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్ ఇంట్లోనే చదువుకుని ఎనిమిదేండ్లకు పది, పదమూడేండ్లకు డిగ్రీ పూర్తి చేసిందని కోడలు నాకు మెసేజీ పంపింది. ఆ అమ్మాయి ప్రతిభకు దండం. కానీ పాపను ఆ పరుగులో పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. ఇంట్లో చదివే పిల్లకు దొరికే పెద్ద సుఖం నిదానం. భిన్నాలు అర్థం కాకపోతే నెల రోజులు భిన్నాల మీదే ఉండొచ్చు. ఆ నిదానాన్ని కూడా పోటీకి పెడితే మీరు తప్పించుకోవాలనుకున్న కార్పొరేట్ బడినే ఇంట్లో తెరిచినట్టు, అదీ ఫీజు లేకుండా.

చట్టం సంగతి ఒకసారి తెలుసుకో. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ ఒకటి నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేండ్ల పిల్లలను దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని పదో సెక్షన్ చెప్పింది. చేర్పించకపోతే ఏం చేస్తారో చెప్పలేదు. మన దేశంలో ఇంటి చదువువాళ్లంతా ఆ సందులోనే కాపురం చేస్తున్నారు. నీకు అక్కరకొచ్చేది నాలుగో సెక్షన్. బడి ముఖం చూడని పిల్లనైనా వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడి ఉంటే ప్రత్యేకంగా నేర్పించాలి. అంటే పద్నాలుగు నిండేదాకా పాపకు వెనక్కి వచ్చే దారి తెరిచే ఉంటుంది. ఆ తర్వాత జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఎన్‌ఐఓఎస్‌లో గానీ, మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠంలో గానీ పది రాయొచ్చు. ఎన్‌ఐఓఎస్‌లో ఒకసారి చేరితే ఐదేండ్ల లోపల సబ్జెక్టులు విడివిడిగా రాసుకునే వీలుంది. జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో పేరు ఒక్కలాగే ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఒక్క అక్షరం తేడాకు పదో తరగతి పిల్లలను ఆఫీసుల చుట్టూ తిప్పిన తండ్రులను నేను శానామందిని చూశా.

ఇంతవరకు చెప్పింది మీ ఇంటి సంగతి. ఇక చెప్పేది మీ గడప బయటి సంగతి, నాకు ఎక్కువ దిగులు దాని మీదే. మీ పాప బడికి పోకపోతే ఇంట్లో పుస్తకాలుంటాయి, అట్లాస్ ఉంటుంది, ఇంగ్లీషు చెప్పే తల్లి ఉంటుంది. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు పక్క బడికి పోని పిల్లకు ఉండేది చేను. వానలు మొండిచేయి చూపిన ఏడు ఇంటికి తాళం వేసి సుగ్గికి వలస పోతారు. పత్తి తీసేదానికి, మిరపకాయలు కోసేదానికి గుంటూరు పక్కకు కుటుంబం కుటుంబమే లారీ ఎక్కుతుంది. సగం బెంచీలు ఖాళీ అయిన తరగతికి హాజరు పిలవడం ఎట్లుంటుందో మా బోటివాళ్లకే తెలుసు. ఆ పిల్లలను ఊళ్లోనే నిలబెట్టుకునేదానికే సీజనల్ హాస్టళ్లు వచ్చాయి. బడి బయట ఉన్న ప్రతి పిల్లనూ బాలకార్మికురాలి కిందే లెక్క కట్టాలని ఎంవీ ఫౌండేషన్ శాంతా సిన్హా వాదించింది. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. ఆమె మాట మీ ఇంటికి వర్తించదు, నిజమే. మీ ఇల్లు దాటి నాలుగడుగులు వేస్తే అక్షరాలా వర్తిస్తుంది.

2020 మార్చిలో కరోనాతో బడులు మూతబడినప్పుడు రాష్ట్రమంతా ఇంటి చదువే గదా. ప్రైమరీ పిల్లలు మళ్లీ తరగతిలో కూర్చునేసరికి 2021 ఫిబ్రవరి వచ్చింది. మీ బోటి ఇండ్లలో ఆ నెలల్లో పిల్లలు రొంత బొమ్మలు వేశారు, రొంత ఫోను చూశారు. పల్లెల్లో చేనికి పోయారు. ఆడపిల్లలు కొందరు పెళ్లి పీటల మీదికి పోయారు. ఇంట్లోవాళ్లు పెళ్లి చేయబోతే అధికారులు ఆపి కస్తూర్బా బడిలో చేర్పించిన మన పక్క పిల్ల ఒకతి, 2024లో ఇంటర్ మొదటి ఏడాది మార్కులతో పేపర్లకెక్కింది. అట్లాంటి పిల్లకు ఇల్లు దాటించినదే చదువు.

అందుకని మీరు ఏం చేసినా చేయండి, ‘బడి దండగ’ అనే మాట మాత్రం మీ నోట రానీకండి. ముఖ్యంగా మీ ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి ముందు. ‘సారోళ్ల పాపే బడికి పోదు’ అని ఆమె తన కూతుర్ని పనిలోకి తెచ్చుకుంటే దానికి మీ దగ్గర జవాబు లేదు. పాపకు చెప్పే పాఠాల్లో ఆమె కూతురినీ సాయంత్రాలు కూర్చోబెట్టుకోండి. పిల్లను బడికి పంపితే సర్కారు ఇచ్చే తల్లికి వందనం డబ్బులు, మధ్యాహ్న భోజనం, కోడిగుడ్డు ఆ ఇంటికి చిన్న సంగతులు కావని మీకు నేను చెప్పాలా?

కోడలి సంగతి నిన్నే అడుగుతా, సూటిగా చెప్పు. నువ్వు ఇంట్లో కూర్చునే బెంగళూరు కంపెనీ పని చేస్తావు, తలుపు వేసుకుంటావు. ఆమెకు మూసుకునేదానికి తలుపేది? నేను చూసిన ఇండ్లలో ‘మేమిద్దరం నేర్పిస్తాం’ అని మొదలైంది ఆరు నెలలు తిరక్కుండానే తల్లి నెత్తిన పడింది. వంటా ఆమెదే, పాఠమూ ఆమెదే, పిల్లకు లెక్క రాకపోతే అత్తగారి మాటా ఆమెకే. బడిలో టీచరు మీద అలిగిన పిల్ల ఇంటికొచ్చి అమ్మ ఒళ్లో ఏడుస్తుంది. టీచరూ అమ్మే అయితే ఏడ్చేదానికి ఎక్కడికి పోవాలి? లెక్కలు, సైన్సు నువ్వు తీసుకో. వారానికి ఇన్ని గంటలని గోడ మీద రాసిపెట్టు. అది నీతో కాకపోతే ఈ ఆలోచన కోడలి మీద రుద్దకు.

ఇంటి చదువులో అసలు లోటు చదువు కాదు, పరాయి పిల్లలు. ఆదోనిలో నా తరగతిలో ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్ల, ఉర్దూ మాట్లాడే పిల్లవాడు, తెలుగు పిల్లలు ఒకే బల్ల మీద ఒత్తుకుని కూర్చునేవాళ్లు. పెన్సిలు కోసం మూడు భాషల్లో తిట్టుకునేవాళ్లు, అవే మూడు భాషల్లో రాజీ పడేవాళ్లు. నేను నేర్పింది కాదు అది. తనకు నచ్చనివాళ్ల పక్కన రోజంతా కూర్చోవడం, గెలవని ఆటలో రేపు మళ్లీ దిగడం, తన తల్లిదండ్రుల అభిప్రాయం ఒక్కటే లోకంలో లేదని తెలుసుకోవడం ఇంట్లో రావు. ఇంట్లో అందరూ పాపను ప్రేమించేవాళ్లే గదా, అదే చిక్కు. స్కేటింగు క్లాసులో, బొమ్మల క్లాసులో కలిసే పిల్లలు కూడా మీలాంటి ఇండ్ల పిల్లలే. వీధిలో బడి పిల్లలు తిరిగొచ్చే వేళకు పాప చేతిలో పుస్తకం లాక్కుని బయటికి తోలండి. పత్తి దిగే రోజుల్లో ఒకసారి ఆదోని మార్కెట్ యార్డుకు తీసుకురా. వేలం పాట, పింజ పట్టి చూసే వ్యాపారి, ధర విని మొహం వేలాడేసే రైతు, ఇవన్నీ నేను దగ్గరుండి చూపిస్తా.

ఇంకా జూన్ రాలేదు. బడికి సెలవులిచ్చేలోపల హెడ్మిస్ట్రెస్‌కు ముందే చెప్పి, నువ్వూ కోడలూ పాపను తీసుకుని మీ వీధి చివర బడికి పోండి. ఒకటో తరగతిలో వెనక బెంచీ మీద మధ్యాహ్నం భోజనం అయ్యేదాకా కూర్చోండి. ఫోను ఇంట్లో పెట్టి పో. తిరిగొచ్చాక మీరిద్దరూ ఏమనుకున్నారో కాదు, పాప ఏమందో నాకు చెప్పు.