కనబడకపోతే లేనట్టేనా?

గదిలో కుండ లేదని మనకెలా తెలుస్తుంది? ఈ చిన్న ప్రశ్న మీద మన దార్శనికులు వందల ఏళ్లు వాదించుకున్నారు. ఉన్న కుండను కన్ను చూస్తుంది. లేని కుండను ఏ కన్ను చూసింది? కుమారిలభట్టు అనుయాయులైన మీమాంసకులు దీనికోసం అనుపలబ్ధి (కనబడకపోవడం) అనే ప్రమాణాన్ని, అంటే తెలుసుకునే సాధనాన్ని, విడిగా ఒప్పుకున్నారు. అద్వైతులు కూడా వాళ్లతో కలిశారు. ధర్మరాజాధ్వరీంద్రుడి వేదాంత పరిభాషలో అది ఆరో ప్రమాణం. నైయాయికులు అంత అక్కర్లేదన్నారు, ప్రత్యక్షంతోనే అభావం, అంటే లేకపోవడం, తెలుస్తుందన్నారు. బౌద్ధుడైన ధర్మకీర్తి దాన్ని అనుమానంలో, అంటే హేతువును బట్టి తేల్చుకునే జ్ఞానంలో, చేర్చాడు. ఇన్ని తగాదాల్లోనూ ఒక్క షరతు దగ్గర మాత్రం అందరూ ఒక్కటే మాట చెప్పారు. కుండ అక్కడ ఉండి ఉంటే తప్పక కనబడే పరిస్థితి ఉండాలి. అప్పుడే కనబడకపోవడానికి విలువ. చీకటి గదిలో చెయ్యి తడమకుండా నిలబడి ‘కుండ లేదు’ అనడం జ్ఞానం కిందికి రాదు. ఈ షరతుతో కూడినదాన్నే యోగ్యానుపలబ్ధి అన్నారు.

నేను తెనాలిలో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్‌ని. చిన్నప్పుడు మా నాన్నగారు నాకు తర్కసంగ్రహం పాఠం చెప్పారు. దాన్ని రాసిన అన్నంభట్టు మన తెలుగువాడేనని ఆయనకు గొప్ప మురిపెం. ఆ పాఠం నాకు అన్నిటికంటే ఎక్కువగా అక్కరకొచ్చిన చోటు లైబ్రరీలో కంప్యూటర్ల గది. 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని పాఠ్యాంశంగా చెప్పాలని ఆదేశించింది. ఆ తర్వాత డిగ్రీ పిల్లలందరికీ ఆ సబ్జెక్టు తప్పనిసరైంది. ఇప్పుడు దానికి తోడు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులు వచ్చాయి. పిల్లలు తమ ఊరి సమస్య ఒకటి తీసుకుని వస్తారు. లైబ్రరీకి ఎన్-లిస్ట్ అనే ఆన్‌లైన్ సేవ చందా ఉంది, వేల జర్నళ్లు తెర మీదికొస్తాయి. ఊరి పేరు కొడతారు. ‘జీరో రిజల్ట్స్’ అని వస్తుంది. లేచి వెళ్లిపోతారు.

నిజాంపట్నం వైపు నుంచి రేపల్లె రైల్లో వచ్చే ఒక అమ్మాయి అలా లేచి వెళ్లకుండా నా దగ్గరికి వచ్చింది. వాళ్ల చేలో బోరు నీళ్లు ఏటేటా ఉప్పదేలుతున్నాయి. అది పక్కనున్న రొయ్యల చెరువుల వల్లనా, సముద్రం లోపలికి చొచ్చుకురావడం వల్లనా అన్నది ఆమె ప్రశ్న. ఊరి పేరూ, బాపట్ల జిల్లా పేరూ కలిపి వెతికింది. ఏమీ రాలేదు.

“మేడమ్, శాస్త్రవేత్తలెవరూ రాయలేదంటే మా ఊళ్లో సమస్య లేనట్టేనాండీ?” అంది.

ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేను. ఒక మనిషి అనుభవిస్తున్న బాధకు కాగితం మీద రుజువు లేకపోతే ఆ బాధ ఉన్నట్టా, లేనట్టా? జిల్లా కార్యాలయాల నుంచి న్యాయస్థానాల దాకా ఈ ప్రశ్న చుట్టూనే పర్యావరణ వివాదాలు తిరుగుతాయి. తర్కశాస్త్రం దీనికి ఇచ్చే జవాబు చాలా స్పష్టం.

ప్రతి అభావానికీ ఒక ప్రతియోగి ఉంటుంది, ఒక అధికరణం ఉంటుంది. ఏది లేదో అది ప్రతియోగి. ఎక్కడ లేదో అది అధికరణం. ఈ రెండూ చెప్పకుండా ‘లేదు’ అనే మాటకు అర్థమే లేదు. తెర మీద సున్నా వచ్చినప్పుడు లేనిదేమిటి? ఆ అమ్మాయి కొట్టిన అక్షరాలున్న వ్యాసం. ఎక్కడ లేదు? ఆ డేటాబేసులో. ఆ సున్నాకు అంతవరకే అధికారం. బోరు నీళ్లలో ఉప్పు గురించి అదేమీ చెప్పలేదు, చెప్పజాలదు. ఒకచోటి అభావాన్ని తెచ్చి మరొకచోట అంటగట్టడం తప్పని మొదటి ఏడాది తర్కం చదివినవాడికి కూడా తెలుసు. అయినా చదువుకున్నవాళ్లం రోజూ చేస్తున్న పని అదే.

ఇక గదిలో దీపం పెట్టే సంగతి, అంటే సరిగ్గా వెతికే సంగతి. ముందు ఊళ్ల పేర్లు చూద్దాం. బాపట్ల జిల్లా 2022 ఏప్రిల్ 4న పుట్టింది. అంతకుముందు బాపట్ల, రేపల్లె గుంటూరు జిల్లాలో ఉండేవి. తెనాలి ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ గుంటూరు జిల్లా కూడా 1904లో ఏర్పడింది. దానికి ముందు ఈ మూడు ఊళ్లూ కృష్ణా జిల్లావి. దొరల కాగితాల్లో ఆ పేరు ‘కిస్ట్నా’ అని ఉంటుంది. 1883లో గోర్డన్ మెకంజీ రాసిన జిల్లా మాన్యువల్ ఆ పేరుతోనే దొరుకుతుంది. కాబట్టి ‘బాపట్ల జిల్లా’ అని మాత్రమే వెతికినవాళ్లకు నిన్న మొన్నటి రాతలే కనిపిస్తాయి, నూరేళ్ల రాతలు చీకట్లోనే ఉండిపోతాయి.

మాటల సంగతీ అంతే. రైతు ‘నీళ్లు ఉప్పదేలాయి’ అంటాడు. వ్యాసం రాసినవాళ్లు ‘సీవాటర్ ఇంట్రూజన్’ అంటారు, ‘సెలినిటీ’ అంటారు, ‘ఎలక్ట్రికల్ కండక్టివిటీ’ అంటారు. అందుకే పిల్లలకు ముందు ఒక తెల్లకాగితం ఇస్తాను. ఒక్కో విషయానికి ఉన్న పేర్లన్నీ ఒక వరసలో రాయమంటాను. ఆ వరసలోని మాటల మధ్య ‘ఆర్’ పెట్టాలి, వరసకూ వరసకూ మధ్య ‘యాండ్’ పెట్టాలి. మాట చివర నక్షత్రం గుర్తు పెడితే దాని రూపాలన్నీ వస్తాయి. ఊరి పేరుతో దొరక్కపోతే మండలం, మండలంతో దొరక్కపోతే కృష్ణా పశ్చిమ డెల్టా. జర్నళ్లలో లేకపోతే శోధ్‌గంగలో పీహెచ్‌డీ థీసిస్‌లు, వ్యవసాయ విశ్వవిద్యాలయాల థీసిస్‌లుండే కృషికోశ్, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వారి ఆగ్రిస్, కేంద్ర భూగర్భజల మండలి జిల్లా నివేదికలు చూడాలి. దొరికిన ప్రతి వ్యాసం చివర ఉన్న ఆధారాల జాబితా కూడా చదవాలి. ఇంత చేశాక కూడా కనబడకపోతే అప్పుడు ‘ఈ విషయం మీద ఎవరూ రాయలేదు’ అనే హక్కు వస్తుంది. కనబడే యోగ్యత అంటే ఇదే.

ఆ అమ్మాయికి దీపం వెలిగించిన మాట ‘దొరువు’. బాపట్ల, సూర్యలంక వైపు ఇసుక నేలల్లో దొరువు తెలియని రైతు ఉండడు. ఇసుకలో కొద్ది లోతున వెడల్పుగా గుంట తవ్వుతారు. వాననీరు ఇసుకలో ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలి నిలబడుతుంది. ఆ పై నీటిని మాత్రం దొరువులోంచి ముంచి నారుమళ్లకూ కూరపాదులకూ పోస్తారు. లోతుకు పోతే ఉప్పు తగులుతుందని పెద్దలు చెప్పేవారు. అదే సంగతిని 19వ శతాబ్ది చివర డచ్చి ఇంజనీరు బాడన్ గైబెన్, 1901లో జర్మన్ ఇంజనీరు హెర్జ్‌బెర్గ్ లెక్కగట్టారు. మంచినీటికంటే సముద్రపు నీరు కొద్దిగా బరువు. అందువల్ల సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తున మంచినీరు నిలిస్తే, దాని కింద సుమారు 40 మీటర్ల మేర మంచినీరు ఉంటుంది. పైన మీటరు తగ్గేలా తోడేస్తే కింద నుంచి ఉప్పు 40 మీటర్లు పైకి జరిగే ప్రమాదం ఉంది. మోటారు పెట్టి లోతు బోరుతో లాగినచోట నీళ్లు ఉప్పదేలడానికి ఒక కారణం ఇది.

1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉన్న బాపట్లలో, అందరూ ‘సెలైన్ వాటర్ స్కీమ్’ అని పిలిచే పరిశోధన కేంద్రం ఉంది. కర్నాల్‌లోని కేంద్ర ఉప్పునేలల పరిశోధన సంస్థ సమన్వయంతో అది పనిచేస్తుంది. అక్కడి శాస్త్రవేత్తలు రైతుల దొరువునే తీసుకుని మెరుగుపరిచారు. చిల్లులున్న గొట్టాలను ఇసుకలో అడ్డంగా పరిచి, ఆ నీరు ఒక బావిలో చేరేలా చేసి, పైపొర నీటిని నెమ్మదిగా తోడుకునే ఏర్పాటు అది. శాస్త్ర వ్యాసాల్లో కూడా దాన్ని ‘దొరువు టెక్నాలజీ’ అనే రాశారు. ఇంగ్లీషు మాటలతో వెతికి అలిసిపోయిన పిల్ల వాళ్ల తాతగారి నోటి మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టగానే బాపట్ల తీరపు పరిశోధనలు వరసకట్టాయి. వాళ్ల ఊరి గురించి ఒక్క ముక్కా లేదు. కానీ వాళ్ల ఊరి నేలలో ఏం జరుగుతుండవచ్చో అర్థం చేసుకునే తోవ దొరికింది.

ఇక్కడ ఇంకో ప్రశ్న వస్తుంది. తాతగారి మాటకూ జర్నల్లో వ్యాసానికీ ఏది ఎక్కువ? మన తర్కంలో ఆప్తుడి మాట ప్రమాణం. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్టు చెప్పాలనే కోరిక ఉన్నవాడు ఆప్తుడు. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఇక్కడ చాలా గొప్ప మాట చెప్పాడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనన్నాడు. పుట్టుకనూ హోదానూ బట్టి ఆప్తత్వం రాదు. ఆ లెక్కన నలభై ఏళ్లుగా ఒకే బావి నీళ్లు తాగుతున్న రైతు, ఆ నీటి రుచి గురించి ఆప్తుడు. మారిందని చెప్పడానికి ఆయనకు అధికారం ఉంది. ఎందుకు మారిందో చెప్పాలంటే మాత్రం కొలతలు కావాలి, పోలికలు కావాలి. అక్కడ పరిశోధకుడు ఆప్తుడు. ఆ పరిశోధకుడి మాటనూ ఊరికే నమ్మకూడదు. నీళ్లు ఏ నెలలో తీశారు, ఏ లోతున తీశారు, ఎన్ని బావులు చూశారు అని అడగాలి. వానల తర్వాత తీసిన నీటినీ మే నెలలో తీసిన నీటినీ ఒకే గాట కట్టడానికి లేదు. నా పిల్లలు ప్రతి వ్యాసం పక్కన ఈ మూడు ప్రశ్నలకూ జవాబు రాసుకుంటారు. రాసుకోకపోతే ప్రాజెక్టు మీద నేను సంతకం పెట్టను.

ఈ జాగ్రత్త తర్కంతో ఆగదు, ధర్మం దాకా వెళుతుంది. ‘రుజువు లేదు’ అనే మాటను ‘హాని లేదు’ అని చదివితే నష్టపోయేది ఎవరూ వెళ్లి కొలవని ఊళ్లే. అవి ఎక్కువగా పేద ఊళ్లు. 1992లో రియో నగరంలో దేశాలన్నీ కలిసి చేసిన ప్రకటనలోని 15వ సూత్రం ఈ తప్పునే వారించింది. తీవ్రమైన హాని పొంచి ఉన్నప్పుడు, శాస్త్రం ఇంకా పూర్తిగా తేల్చలేదన్న సాకుతో నివారణ చర్యలు వాయిదా వేయకూడదన్నది దాని సారం. 1996లో వెల్లూరు తోళ్ల పరిశ్రమల కేసులో మన సుప్రీంకోర్టు దాన్ని మన దేశపు చట్టంలో భాగంగా గుర్తించింది. అదే ఏడాది డిసెంబరులో తీరప్రాంత రొయ్యల చెరువుల మీద ఇచ్చిన తీర్పులో, నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి ఆంధ్ర, తమిళనాడు తీరాలను చూసి ఇచ్చిన నివేదికలను ఆధారం చేసుకుంది. ఎవరో వెళ్లి చూసి రాశారు గనుక తీర్పుకు ఆధారం దొరికింది. కుమారిలభట్టు షరతుకూ రియో సూత్రానికీ మధ్య పన్నెండు వందల ఏళ్లకు పైగా దూరం ఉంది, చెప్పిన నీతి ఒకటే: వెతకవలసినంత వెతకకుండా లేదనవద్దు.

తెనాలి, రేపల్లె, బాపట్ల ఊళ్ల మధ్య పుట్టినవాళ్లకు వెతికేవాళ్ల దగ్గరికి చదువును చేర్చే పని కొత్త కాదు. పాతూరి నాగభూషణం గారు 1935లో తెనాలి ప్రాంతపు కాల్వలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. చదువు కోసం ఊరు కదలలేకపోతే పుస్తకమే ఊరికి వెళ్లాలని నమ్మిన తరం అది. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి పాత పత్రికలను కాపాడుతోంది. ఒకప్పటి వరదలు, తుపాన్లు, కాల్వల కబుర్లు ఏ డేటాబేసులో లేకపోయినా అక్కడి పాత సంపుటాల్లో దొరకవచ్చు. 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు దాదాపు 13,000 జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. అంటే లోకమంతా రాసినది మన ఊరికి చేరే తోవ మునుపెన్నడూ లేనంత వెడల్పయింది. మన ఊరి సంగతి లోకానికి చేరే తోవ మాత్రం ఇంకా ఇరుకుగానే ఉంది.

పుట్టుకతోనే మనిషికి దేవఋణం, పితృఋణం, ఋషిఋణం ఉంటాయని మన ధర్మం. ఋషిఋణం అధ్యయనంతో తీరుతుందంటారు. ఎవరో ఎండలో నిలబడి తీసిన కొలతను నేను చల్లని గదిలో చదువుకున్నానంటే ఆ మేరకు ఋణపడ్డాను. చదివి ఊరుకుంటే ఆ ఋణం సగమే తీరుతుందని నా నమ్మకం. తర్వాత వెతికేవాడికి ఒక కొలత మిగల్చాలి. వెతకడం నాకు పూజ లాంటి పని అయింది ఈ నమ్మకం వల్లనే. నిజాంపట్నం వైపు నుంచి వచ్చిన ఆ అమ్మాయి తన ప్రాజెక్టులో కారణం తేల్చలేదు. తేల్చానని రాయలేదు కూడా. ఊళ్లో బావుల లోతు, నీటి కండక్టివిటీ, తేదీ, చెరువుకు ఎంత దూరమో పట్టిక వేసి ఇచ్చింది. ఆ ప్రాజెక్టు పుస్తకాన్ని కొత్త జిల్లా పేరుతో, పాత జిల్లా పేరుతో, ‘దొరువు’ అనే మాటతో, ఇంగ్లీషు మాటలతో కూడా కేటలాగులో ఎక్కించాను.

ఇది చదువుతున్న ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ రైతులకూ నాదొక మనవి. మీ బావి నీళ్లు వేసవిలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి పరీక్ష చేయించండి. ఆహార వ్యవసాయ సంస్థ లెక్క ప్రకారం సాగునీటి కండక్టివిటీ మీటరుకు 0.7 డెసీసీమెన్స్ లోపుంటే భయం లేదు, 3 దాటితే తీవ్రంగా ఆలోచించాలి. వచ్చిన అంకె పక్కన తేదీ, లోతు, ఊరు, మండలం రాసి ఒక ప్రతి దగ్గర్లోని కాలేజీ గ్రంథాలయంలో ఇవ్వండి. లైబ్రేరియన్లూ, మీరు దాన్ని తీసుకోండి, అన్ని పేర్లతోనూ నమోదు చేయండి. మీ ఊరి పేరు కొట్టిన పిల్లకు ఇంకెప్పుడూ సున్నా రాకూడదు.